గోడపత్రికకు ప్రాణము పోసిన జూల్ షెరే

మన పట్టణములలో సినిమాశాలకు పోవు త్రోవలయందు రంగురంగుల గోడపత్రికలు అంటించియుండుట మనమందఱము ఎఱిగినదే. పాఠశాలకు వచ్చు బాలుడు వానిముందు నిలిచి చదువడు; నడచుచునే చూచును. బండిమీద పోవువానికి ఆ పాటి తీరికయు ఉండదు. అయినను చిత్రము పేరేదో, అందలి నాయకుడెవడో, అది నవ్వించు కథయో భయపెట్టు కథయో ఆ రెప్పపాటులోనే వానికి తెలిసిపోవును. నాలుగు పుటల వ్యాసము చేయలేని ఈ పనిని ఒక్క కాగితము ఎట్లు చేయగలుగుచున్నది? దీనికి కొన్ని నియమములు గలవు. అవి గ్రంథముల కెక్కుటకు చాల ముందుగనే ఒక పనివాడు తన చేతులతో వానిని కనిపెట్టెను. అతడే ఫ్రాన్సు దేశీయుడగు జూల్ షెరే. సినిమా పుట్టుటకు ముప్పది యేండ్లు ముందే అతడు గోడపత్రికలు వ్రాయసాగెను. తెఱమీద బొమ్మలు కదలిన తొలిదినములలో ఆ వింతకు ప్రకటనపత్రిక వ్రాసి యిచ్చినవాడును అతడే. అతని జీవితమును మా చదువరులకు సంగ్రహముగా చెప్పదలచితిమి.

షెరే 1836వ సంవత్సరము మే నెల 31వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తండ్రి అచ్చుకూటమున అక్షరములు కూర్చు పనివాడు. కుటుంబము బీదది. చదువునకు సొమ్ము చాలనందున పదుమూడేండ్ల ప్రాయముననే బాలుని ఒక శిలాముద్రణశాలలో పని నేర్చుకొనుటకు చేర్చిరి. మూడేండ్లు అతడచ్చట పనిచేసెను. ఆ కాలమున వానికి అప్పగింపబడినది బొమ్మలు వ్రాయుట కాదు. చావుకబురు పత్రములకు, వర్తకుల కరపత్రములకు కావలసిన అక్షరములను రాతిమీద కుడియెడమలు తాఱుమాఱుగా వ్రాయుట.

శిలాముద్రణ మననేమో ఇచ్చట కొంచెము చెప్పవలసియున్నది. ఏలయన షెరే కనిపెట్టిన నియమములన్నియు ఆ రాతినుండి పుట్టినవే. మనవారు దీనిని లితో అచ్చు అందురు. 18వ శతాబ్దము చివర బవేరియాలో సెనెఫెల్డరు అను నాతడు దీనిని కనిపెట్టెను. నున్నగా సానబట్టిన సున్నపురాతి పలకమీద కొవ్వు కలిసిన కణికెతో బొమ్మ వ్రాయుదురు. పిమ్మట రాతిని నీటితో తడుపుదురు. బొమ్మ లేనిచోట రాయి నీటిని పట్టుకొనును. కొవ్వున్నచోట నీరు నిలువదు. అప్పుడు జిడ్డుసిరా పూసినయెడల అది బొమ్మకే అంటుకొని తడిగానున్న తక్కిన తావులను విడిచిపెట్టును. దానిమీద కాగితము వేసి నొక్కగా బొమ్మ దిగును. రాతిమీద ఎడమనున్నది కాగితముమీద కుడికి వచ్చును. అందువలననే అక్షరములు తాఱుమాఱుగా వ్రాయవలసియుండెను. రంగులు కావలెనన్న ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి కావలెను. కాగితము ప్రతి రాతిమీదను వెండ్రుకవాసి తప్పక అదే తావున పడవలెను. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో స్థాపించిన ముద్రణశాలనుండి వెలువడి మన పెద్దల యిండ్లలో గోడల కెక్కిన లక్ష్మీ సరస్వతుల పటములు ఈ విధముగా రాతినుండి దిగినవే.

షెరే పగలెల్ల పనిచేసి సాయంకాలము చిత్రలేఖన పాఠశాలకు పోవుచుండెను. అచ్చట లెకోక్ ద బ్వాబోద్రాన్ అను ఉపాధ్యాయుడు ఒక క్రొత్త పద్ధతి నేర్పుచుండెను. వస్తువును ఎదుట పెట్టుకొని వ్రాయుట చాలదు. దానిని శ్రద్ధగా చూచి, కన్నులు మరల్చుకొని, జ్ఞాపకమునుండి వ్రాయవలెనని ఆతని బోధ. జ్ఞాపకమునుండి వ్రాయువానికి చిల్లర వివరములు జాఱిపోవును. ముఖ్యమైన ఆకారమే మిగులును. గోడపత్రికను చూచి ముందుకు సాగిపోవువాని మనస్సునందు మిగులునదియు అదియే. ఈ శిక్షణము షెరేకు జీవితాంతము ఉపకరించినదని మేము తలంతుము. తీరిక దొరకినప్పుడెల్ల అతడు లూవ్ర్ చిత్రశాలకు పోయి పూర్వచిత్రకారుల పటములయెదుట గంటలకొలది నిలిచియుండెడివాడు. అంతకుమించిన విద్యాలయము అతనికి లభింపలేదు.

1854లో అతడు జీవనోపాధికై లండనుకు పోయి, కుర్చీలు బల్లలు అమ్ము వర్తకుని పట్టికకు బొమ్మలు వ్రాసి, కొన్ని నెలలకే మరలివచ్చెను. 1858లో సంగీతకర్తయగు ఓఫెన్‌బాక్ తన హాస్యసంగీతనాటకమగు ఓర్ఫేయునకు రంగుల గోడపత్రిక వ్రాయుమని అతనిని కోరెను. పత్రిక బాగుగనే యుండెను, అందఱు మెచ్చుకొనిరి. కాని ఆ వెనుక ఎవ్వరును పని ఇయ్యలేదు. మెప్పు వేఱు, కూడు వేఱు అని తెలిసికొని షెరే 1859లో మరల లండను చేరెను. ఈ మాఱు ఏడేండ్లు అచ్చటనే యుండి పుస్తకముల అట్టలకు, సర్కసులకు, నాటకశాలలకు బొమ్మలు వ్రాసెను. ఇంగ్లండులో పెద్ద రాళ్లను మోయగల ముద్రణయంత్రములు వాడుకలోనికి వచ్చియుండెను. వాని పనిని అతడు కన్నులార చూచి నేర్చుకొనెను. సుగంధద్రవ్యముల వర్తకుడగు రిమ్మెల్ అతని చేతిపనిని మెచ్చి, తనతో ఇటలీ మొదలగు తావులకు తీసికొనిపోయెను. వెనిసు చిత్రకారుడగు తియెపొలో వ్రాసిన మేడకప్పులలో మనుష్యులు నేల విడిచి ఆకాశమున తేలుచుందురు. ఆ తేలిక షెరే మనస్సునకు హత్తుకొనెను. 1866లో రిమ్మెల్ ధనసాహాయ్యముతో అతడు పారిసులో స్వంత ముద్రణశాల పెట్టుకొనెను. అప్పటికతనికి ముప్పది యేండ్లు. ఆ యేటనే ఒక నాటకశాలకు, యువతియగు సారా బెర్నార్ నటించిన అడవిలేడి కథానాటకమునకు, అతడు గోడపత్రిక అచ్చువేసెను.

అంతకుముందు పారిసు గోడలమీద ఎట్టి పత్రికలుండెడివి? చాలవఱకు అచ్చక్షరములే. తెల్లకాగితము ప్రభుత్వ ప్రకటనలకు మాత్రమే ఉపయోగింపవలెనని 1791లో చట్టమేర్పడినందున తక్కినవారు రంగు కాగితముమీద నల్లయక్షరములు దట్టముగా నింపి అంటించుచుండిరి. చెప్పదలచినదెల్ల చెప్పుదురు, చదువువాడు మాత్రము లేడు. నిలిచి చదువు తీరికగలవానికే అట్టి పత్రిక పనికివచ్చును. ఇంతలో నగరమే మాఱుచుండెను. ఇఱుకు సందులు పడగొట్టి విశాలమైన రాజవీథులు వేయుచుండిరి. బండ్లు వేగముగా పోసాగెను. జనులును వేగముగా నడువసాగిరి. చూచుటకు గోడలు పెరిగెను. చూచుటకు కాలము తఱిగెను. ఈ మార్పును షెరే గ్రహించెను. గోడపత్రిక చదువబడునది కాదు, చూడబడునది అను ఒక్క సత్యమును పట్టుకొని తక్కిన నియమములన్నిటిని దానినుండియే తీసెను.

వానిలో మొదటిది ఏకత్వము. ఒక పత్రికలో ఒక్కటే ముఖ్యమైన ఆకారముండవలెను. షెరే పత్రికలలో తఱచుగా కనబడునది నవ్వుచు ఎగురుచున్న ఒక యువతి. ఆమె కాలిక్రింద నేల ఉండదు, చుట్టును గోడలుండవు. వెనుకనున్న మనుష్యులు పలుచని నీడలుగా మాత్రమే తోతురు. నిలువుగా నిలిచిన మనిషికంటె ఒరగి ఎగురు మనిషి కన్నును త్వరగా లాగును. కాగితము మూలనుండి మూలకు పోవు ఆ వాలుగీత చూపును తనవెంట నడపించి, తుదకు ప్రకటింపవలసిన పేరుకడకు చేర్చును.

రెండవది రంగుల మితము. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. ఒక్కొక్క రాతికి ఒక్కొక్క ఖర్చు. కావున రంగులు తగ్గించుట మొదట అవసరమైనది. ఆ అవసరమునే అతడు అందముగా మార్చెను. తొలిదినములలో మూడు రాళ్లతో పని ముగించుచుండెను. ఒకదానిపై నల్లని రూపురేఖలు, ఒకదానిపై ఎఱుపు, మూడవదానిపై మీద చల్లని నీలితో మొదలై క్రిందికి వచ్చుసరికి వెచ్చని వన్నెకు మాఱు పూత. తరువాత పసుపు చేరెను. పసుపుమీద నీలము పడినచోట ఆకుపచ్చ, ఎఱుపు పడినచోట నారింజవన్నె తమంతట పుట్టును. కుంచెతో సిరాతుంపరలు చిలుకరించి ఒక్క రాతినుండియే పలు ఛాయలు రాబట్టెను. 1890 ప్రాంతమున నల్లని గీతను కూడ మాని ముదురునీలము వాడగా బొమ్మలకు వెలుగు హెచ్చినది.

మూడవది మాటల మితము. పేరొకటి పెద్దదిగా, స్థలము సమయము చిన్నవిగా, అంతే. అక్షరములు బొమ్మకు దిగువ అతికించిన అతుకులవలె గాక, బొమ్మతో కలిసి వంగుచు, దానిని చుట్టుకొనుచు, చేతివ్రాతతోనే ఉండవలెను. అక్షరములు వ్రాయు పనిని షెరే మదారే అను సహచరునకు అప్పగించెను. ఈ మదారే పేరు నేడు కొందఱికే తెలియును. కాని ఆ పత్రికల యశస్సులో అతనికిని భాగము గలదు.

నాలుగవది వ్యత్యాసము. లోయీ ఫుల్లర్ అను అమెరికా నర్తకి పట్టువస్త్రములు గాలిలో త్రిప్పుచు, వానిపై రంగురంగుల విద్యుద్దీపముల వెలుగు పడునట్లు ఆడుచుండెను. 1893లో ఆమెకై వ్రాసిన పత్రికలో షెరే వెనుకభాగమును చీకటిగా విడిచి, ఆమె వస్త్రమును మంటవలె చూపెను. అంతేగాక ఆ బొమ్మనే వేఱువేఱు రంగులలో అచ్చువేయించెను. ఒక గోడమీద ఒక రంగు, మఱియొక గోడమీద ఇంకొక రంగు చూచినవానికి ఆ నాట్యములో వెలుగులు మాఱుచుండునని మాట చెప్పకయే తెలిసెను.

అయిదవది గుఱుతు. సాక్సోలేయిన్ అను దీపపు చమురునకు అతడు 1890 తరువాత పలుమాఱులు పత్రికలు వ్రాసెను. ప్రతిదానిలోను ఒక స్త్రీ దీపమును సరిచేయుచుండును. చీర మాఱును, దీపపు గొడుగు మాఱును; భావము మాఱదు. కొంతకాలమునకు దూరమునుండి దీపమును స్త్రీని చూచినంతనే చమురు పేరు తోచుచుండెను.

ఈ లోపల 1881 జూలై 29వ తేదీన ఫ్రాన్సులో పత్రికాస్వాతంత్ర్య చట్టము వచ్చి, నిషేధింపబడిన తావులలో తప్ప ఎచ్చటనైనను ప్రకటనలు అంటింపవచ్చునని యేర్పడెను. ఆ యేటనే షెరే తన ముద్రణశాలను షే అను పెద్ద ముద్రణసంస్థకు అమ్మి, లెక్కాడొక్కల బాధ తప్పించుకొని, చిత్రముల అధికారిగా మాత్రము నిలిచెను. గోడలన్నియు అతని బొమ్మలతో నిండెను. జిగురు ఆఱకముందే జనులు వానిని ఊడదీసి యిండ్లకు కొనిపోవుచుండిరట. 1889లో తెఱువబడిన మూలాన్ రూజ్ అను నాట్యశాలకు మొదటి పత్రిక అతనిదే. 1890లో ప్రభుత్వము వారు అచ్చుపనికి కళను చేర్చి క్రొత్త కళాశాఖను సృజించినవాడని అతనికి లెజియన్ ఆఫ్ ఆనర్ బిరుదమిచ్చి గౌరవించిరి. బడి దాటని అచ్చుపనివానికి ఈ గౌరవము సామాన్యమైనది కాదు. 1895 మొదలు 1900 వఱకు గోడపత్రికల మేటి పనులను చిన్న ప్రమాణమున అచ్చువేసి నెలకు నాలుగేసి పంచిన సంపుటములలో ప్రతి నెలయు ఒకటి షెరేదిగా నుండెను. తులూజ్ లోత్రెక్, సెరా వంటి గొప్ప చిత్రకారులు అతని పనినుండి నేర్చుకొనిరి. అతడు తన దినములలో వేయికి పైగా పత్రికలు వ్రాసెను.

ఇక సినిమా మాట. పారిసులో గ్రెవాన్ ప్రదర్శనశాల యను మైనపుబొమ్మల శాల గలదు. అచ్చట 1892 అక్టోబరు 28వ తేదీన ఎమీల్ రెనో అను యంత్రకారుడు ఒక వింత చూపెను. పొడవైన పట్టీమీద వందలకొలది బొమ్మలు చేతితో వ్రాసి, రంగులు వేసి, దీపమును అద్దములను అమర్చి తెఱమీద కదలించెను. లూమియేరు సోదరుల సినిమా ప్రదర్శనమునకు ఇది మూడేండ్లు ముందు. అట్టిదానిని జనులు మునుపెన్నడును చూడలేదు. దానికొక పేరును లేదు. కాంతితో నడచు మూకాభినయములని రెనో పిలిచిన ఆ వింతకు గోడపత్రిక వ్రాయవలసినవాడు షెరే. యంత్రమెట్లు పనిచేయునో బొమ్మ గీచి వివరించియుండవచ్చును. అది అతడు చేయలేదు. ఆ యాటలోని వేషధారులనే, వారి ఉల్లాసమునే చూపెను. చూచువానికి కావలసినది యంత్రము కాదు, యంత్రము కలిగించు ఆనందము. సినిమాపత్రికకు ఇది మూలసూత్రమని మేము చెప్పుదుము. 1896లో ఓజోల్ అను చిత్రకారుడు లూమియేరుల చిత్రమునకు వ్రాసిన పత్రికలో తోటమాలి ముఖముమీద నీళ్లు చిమ్ముట తెఱపైనను, దానిని చూచి నవ్వు ప్రేక్షకులు తెఱయెదుటను కనబడుదురు. ఒకానొక చిత్రమునకై ప్రత్యేకముగా వ్రాయబడిన మొదటి పత్రిక ఇదియే యందురు. అందులోను చూపబడినది ఆనందమే.

పాపము, రెనో గతి వేఱైనది. సినిమా యంత్రము వ్యాపించినపిమ్మట అతని చేతిబొమ్మలను చూచువారు కరవైరి. నిరాశచేత అతడు తన పట్టీలలో చాల భాగమును సేన్ నదిలో పాఱవేసెను, 1918లో మరణించెను. బొమ్మలు ఏటిపాలయ్యెను; వానికై షెరే వ్రాసిన పత్రిక మాత్రము నేటికిని నిలిచియున్నది.

ఒక్క ఆక్షేపమును గూడ మేము దాచరాదు. షెరే గీచిన నవ్వుమోము యువతి దీపపు చమురును అమ్మెను, కినీన్ చెక్క కలిపిన మద్యమును అమ్మెను, నాట్యశాలకు పిలిచెను, దగ్గుబిళ్లలను అమ్మెను. అన్నిటికిని అదే నవ్వు. 1896లో తాల్‌మేర్ అను రచయిత గోడపత్రికల యుగమును విమర్శించుచు, ఇవి బాటసారికి సుఖమును గూర్చియే చెప్పునుగాని విధిని గూర్చి చెప్పవని, కోరుకొనని వాని కన్నులలోనికి కూడ బలవంతముగా చొచ్చునని వాపోయెను. ఈ విమర్శ కొట్టివేయదగినది కాదు. పుస్తకము వలదన్నవాడు దానిని మూయవచ్చును. వీథిని మూయుట ఎవ్వరి తరము? ఏకత్వము, మితము, వ్యత్యాసము అను నియమములు కత్తికి పదును వంటివి. పదును పండును కోయును, చేతిని కోయును. మంచి చిత్రమునకు జనులను పిలిచిన నియమములే చెడ్డచిత్రమునకును పిలుచును. పత్రిక చెప్పిన మాట సత్యమా కాదా యని చూచుకొను భారము వ్రాయించినవానిపై ఎంతయో, చూచువానిపై అంతయు గలదు. అయినను షెరే పక్షమున ఒక మాట గలదు. చిత్రశాలకు రుసుము చెల్లించి పోలేని కూలివానికి, పనిమనిషికి, బడిపిల్లవానికి అతడు వీథిలోనే రంగులను ఉచితముగా పంచిపెట్టెను. వెలగల చట్రములలోనుండిన కాంతి బీదల గోడలమీదికి వచ్చినది.

1900 ప్రాంతమున షెరే గోడపత్రికలు చాలవఱకు విడిచి, భవనములకు గోడచిత్రములు వ్రాయుటకు పూనుకొనెను. పారిసు పురమందిరమున ఒక గది, గ్రెవాన్ శాలలోని నాటకరంగమునకు తెఱ అతని చేతివే. వార్ధకమున దక్షిణ సముద్రతీరమునందలి నీస్ నగరమున నివసించెను. లక్షలమంది కన్నులకు పండుగచేసిన అతనికి చివరి యేండ్లలో చూపు పోయెను. 1932వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన, 96 యేండ్ల ప్రాయమున, అచ్చటనే కాలధర్మము నొందెను. ఆ నగరపు చిత్రశాలకు అతని పేరు పెట్టిరి.

ఆ 1932లోనే హెచ్. ఎం. రెడ్డిగారి భక్తప్రహ్లాద తెలుగు మాటలతో తెఱకెక్కెను. షెరే పేరు వినని మన చిత్రకారులు కూడ అటుపిమ్మట ఏండ్లతరబడి, పెద్ద ముఖమొకటి, పెద్ద పేరొకటి, మండు రంగులు రెండు మూడు అను ఆ మార్గముననే మన గోడలను నింపిరి. రాతి అచ్చు పోయి ఆఫ్‌సెట్ అచ్చు వచ్చినది. దాని వెనుక ఫ్లెక్సీగుడ్డ వచ్చినది. రాళ్ల లెక్క లేనందున నేడు ఎన్ని రంగులైనను, ఎందఱి ముఖములైనను ఒక్క పత్రికలో క్రుక్కవచ్చును. పదిమంది నటులు, నాలుగు పోరాటములు, నిర్మాతల పేర్లన్నియు నిండిన పత్రికను చూచి తలత్రిప్పుకొని పోయినయెడల దోషము మన కంటిది కాదు. మనుష్యుని చూపు మాత్రము 1866లో ఎంతయో నేడును అంతయే. ఒక్కమాఱు ఒక్కదానినే పట్టుకొనును.

బాలబాలికలారా, పాఠశాల వార్షికోత్సవమునకు మీరు ప్రకటనపత్రిక వ్రాయునపుడు ఏమేమి చేర్చవలెనో యోచించుటకు ముందు ఏమేమి విడువవలెనో యోచింపుడు. వ్రాసినపిమ్మట దానిని వసారా చివర గోడకంటించి, ఇరువది అడుగుల దూరమున నడచుచు ఒక్కమాఱు చూడుడు. చెప్పదలచినది తెలిసినదా, మేలు. తెలియనిచో మఱియొక వస్తువును తీసివేయుడు. పిమ్మట అందు చెప్పినది సత్యమో కాదో మీరే విచారించుకొనుడు. మొదటి పరీక్ష షెరే మనకు నేర్పినది. రెండవది ఆతని పత్రికలను చూచి మనము నేర్చుకొనవలసినది.